పచ్చి గుత్తులకు సాక

వరంగల్ బస్టాండులో కూర్చున్నాను. మిత్రుడు ఇచ్చిన నాసిక్ ఎర్ర వైను సీసా నా సంచిలోంచి మెడ బయటపెట్టింది. పక్కనున్న పెద్దావిడ అటే చూస్తోందని దాన్ని లోపలికి తోశాను.

“ఎందుకు దాస్తవు బిడ్డా? ఆ వైనుకు ద్రాక్ష పండించే నాసిక్ తోటలల్ల నేను రెండేండ్లు పనిచేసిన,” అంది.

ఆమెది మరిపెడ దగ్గర పల్లె. అక్కడ ఏం పని చేసేవారని అడిగాను. ద్రాక్ష ఇంకా పచ్చిగా ఉండగానే సగం గుత్తులు కత్తిరించి నేల మీద పడేయాలట. అప్పుడే మిగిలిన వాటికి రంగూ రుచీ వస్తాయట.

“మొదట్ల నాకు చేతులాడలే. మిరపతోటల ఒక్క కాయ రాలినా ఏరుకునేటోళ్లం గదా. ఒక్కో గుత్తిని కండ్లకద్దుకొని కింద పెడుతుంటి. అందరు సాలు దాటిపోయేటోళ్లు, నేను సగంలనే ఉండేదాన్ని. మేస్త్రి రోజూ తిట్టేటోడు.”

“ఆ వైను ఎప్పుడైనా రుచి చూశారా అమ్మా?”

“మాకెవరు పోస్తరు బిడ్డా,” అంది మామూలుగా.

ఇంతలో మరిపెడ బస్సు వచ్చింది. ఆమె మూట ఎత్తుకుని రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చింది.

“తాగేముందు జర సాక పొయ్యి. కింద పడ్డ గుత్తులకు.”

మా వైపు కల్లు తాగేముందు దేవత పేరున నేల మీద నాలుగు చుక్కలు వదులుతారు. అదే సాక. నాకు అలాంటి అలవాట్లు లేవు. సీసా తెరిచిన రోజు మాత్రం గ్లాసు పట్టుకుని మట్టి కోసం వెతికాను. మా ఇంట్లో మట్టి ఉన్నది కరివేపాకు కుండీలోనే.

నాలుగు చుక్కలు చాలు. నేను గ్లాసు మొత్తం పోశాను.