గొర్రెలు నాకిన శాసనం

కొత్త రాష్ట్రం వచ్చిన తొలినాళ్లు. నాకు చదువు అబ్బలేదు గానీ, మార్కాపురంలో బడిపిల్లల పలకలు కోసే పని అబ్బింది. నా చేతిలో ఉన్నంతసేపూ పలక మీద ఒక్క అక్షరమూ ఉండేది కాదు. బడిలోనూ అంతే.

బేస్తవారిపేట దగ్గర మా ఊళ్లో నాయన గొర్రెలు మేపేవాడు. మా దొడ్డి నడుమ ఒక నల్లబండ ఉండేది. వారానికోసారి దానిమీద ఉప్పు చల్లితే మంద ఎగబడి నాకేది. బండ మీద ఏవో పాత అక్షరాలు. తాత కాలం నుంచి అన్ని నాలుకలు తగిలి సగం నునుపైపోయాయి.

ఒక ఆదివారం ఇంటికి పోయేసరికి నాయన ముఖం వాడిపోయి ఉంది. రాళ్లమీది రాతలు ఎత్తి రాసుకునే సర్కారు ఉద్యోగి ఒకాయన మరునాడు మా ఊరికి వస్తున్నాడట.

"రాసుకోనీ నాయనా, నీకేంది?" అని నవ్వాను.

"దాంట్లో ఏముందో నీకు తెలుసారా? ఈ జాగా దేవుడి మాన్యమని ఉంటే? దొడ్డి ఇడిచి పొమ్మంటే మందను యాడికి తోలుకోవాల, నీ పలకల కొట్టంలోకా?"

దొడ్డికి పట్టా లేదు. తాత ఖాళీ జాగా చూసి కంప నాటుకున్నాడు, అంతే. నా నవ్వు ఆగిపోయింది.

ఇద్దరం గడ్డపారలు వేసి బండను బోర్లించాం. అడుగువైపంతా ఎర్రమట్టి అట్టకట్టి ఉంది. దానిమీద ఇంత ఉప్పు చల్లి, ఏమీ ఎరగనట్టు చేతులు దులుపుకున్నాం.

ఊరంతా ఎరిగిన బండ దాగుతుందా? ఆయన సైకిలు దిగి సరాసరి దొడ్డికే వచ్చాడు. బిందెడు నీళ్లు పోయించుకుని బ్రష్షుతో రుద్దాడు. మట్టి కరిగేకొద్దీ కింద నుంచి అక్షరాలు! నిన్న చెక్కినట్టున్నాయి.

"ఈ పక్క ఎంత భద్రంగా ఉందో! ఎవరు తిప్పించినారు?"

"మీరు వస్తారని మా నాయనే సార్" అన్నాను. నాయన నా కాలు తొక్కాడు.

ఆయన తడికాగితం అంటించి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్దాడు. నల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు లేచాయి, అచ్చం నా పలకలాగా. నాయన చుట్ట నోట్లో పెట్టుకుని ముట్టించడం మరిచిపోయాడు.

చివరికి చదివి చెప్పాడు. ఎవరో ఊరిపెద్ద పశువులు తాగడానికి కుంట తవ్వించాడట. ఆ ఊరు మాది కాదు, కంభం అవతలిది.

"ఈ రాయి ఇక్కడిది కాదు పెద్దాయనా. ఎవరో తెచ్చినారు."

నాయనకు అప్పుడు గుర్తొచ్చింది తాత సంగతి. "మా నాయనే సార్! ఉప్పుకు బాగుంటుందని బండికెత్తుకొచ్చినాడు!" దొంగతనం ఒప్పుకుంటూ అంత సంబరపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. "మరి, మా దొడ్డి?"

"దొడ్డి ఊసే లేదు దీంట్లో."

నాయన చుట్ట ముట్టించాడు.

రాయి అందరిదీ, దానికి ఉప్పు తగలనీయొద్దు, నిలబెట్టి కాపాడండి అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. మరుసటి వారం మార్కాపురం నుంచి ఉప్పు చల్లడానికని ఒక పలకరాతి బండ బస్సు మీద వేయించుకొచ్చాను. గొర్రెలు దాన్ని వాసన చూసి, తిన్నగా పోయి పాతదాన్నే నాకాయి.

నాయన కర్ర ఎత్తాడు. "పొండే అట్ల! అది సర్కారు రాయి. మనది దొడ్డే!"