ఉమారాణి శ్రుతి

మా ఎల్లారెడ్డి చర్చిలో రెండేళ్లపాటు ఎవరమూ సరిగ్గా పాడలేకపోయాం. తప్పు మా గొంతులది కాదు, సునీల్‌కుమార్‌ది.

వాడు మా వాడకట్టు పిల్లవాడే. తండ్రి లేడు. తల్లి నా పక్కనే కూర్చుని బీడీలు చుడుతుంది. లాగు జారిపోయే వయసులోనే చర్చిలో హార్మోనియం ముందు కూర్చున్నాడు. తరవాత హార్మోనియం మూలన పడింది, కీబోర్డు వచ్చింది, వాడు మాత్రం అక్కడే ఉన్నాడు. వారమంతా కామారెడ్డిలో పని, మైకులూ సౌండు బాక్సులూ అద్దెకిచ్చే దుకాణంలో. ఆదివారం మాత్రం మొదటి బస్సుకు వచ్చి దిగుతాడు. వాడి వేళ్లకు వంక పెట్టడానికి లేదు. నోరే దేవుడు ఇచ్చి కూడా ఇవ్వనట్టు చేశాడు.

ఉమారాణి మేస్త్రీ దేవన్న కూతురు, నర్సు చదివింది. ఆమె పాట ఎత్తుకుంటే గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నవాళ్లు కూడా ఆగిపోయేవాళ్లు. ఆడవాళ్లలోనే అంత పై శ్రుతి ఇంకెవరికీ లేదు. కీబోర్డు మీద ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే పాట మొత్తం పైకో కిందికో జరుగుతుంది. ఆమె ఒక్కతే పాడే పాటకు సునీల్ పైకి జరిపేవాడు, అందరం కలిసి పాడేదానికి కిందికి దించేవాడు. ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు ప్రాక్టీసులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు.

"ఇంకొంచెం పెంచాల్నా?" అనేవాడు వాడు.

"చాలు," అనేది ఆమె.

నాకు తెలిసి వాళ్ల ప్రేమకథలో మాటలన్నీ ఇవే. చూపులు మాత్రం చాలా ఉండేవి. ఆ చూపులు మా ఆడవాళ్ల వైపు చాపల మీద కూర్చున్న అందరికీ తెలుసు, ముసలివాళ్లతో సహా.

ఇంతలో ఉమారాణికి మద్నూర్ దవాఖానాలో నౌకరి వచ్చింది. వెళ్లే ముందు ఆదివారం కీబోర్డు దగ్గరకు వచ్చి నిలబడింది. "పోయొస్త మరి," అంది. "మంచిది," అన్నాడు మా మొద్దు. ఆమె ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయింది. వాణ్ని అక్కడే నాలుగు వేద్దామనిపించింది గానీ చర్చి కదా అని ఊరుకున్నాను.

ఆ తరవాతి ఆదివారం మొదలైంది మా కష్టం. కీబోర్డు ఉమారాణి శ్రుతిలోనే మోగింది. అందరం పాడే పాట కూడా అంతే. ఇవాళ మరచిపోయాడేమో అనుకున్నాం. మళ్లీ వారం అదే, ఆ పై వారం అదే. చరణం వచ్చేసరికి మగవాళ్ల వైపు నిశ్శబ్దం. పెద్దమనిషి అబ్రాహాము పౌరుషానికి పోయి పాడబోయి దగ్గులో పడేవాడు. సోమవారం నా గొంతు బొంగురుపోయి, బీడీల కార్ఖానాలో ఆకు ఇమ్మని అడగాలన్నా సైగ చేయాల్సి వచ్చేది.

"శ్రుతి దించవేందిరా?" అని అబ్రాహాము ఒకరోజు నిలదీశాడు.

"బటన్ ఖరాబైంది అయ్యా."

కామారెడ్డిలో సగం ఫంక్షన్ హాళ్ల మైకులు బాగుచేసేవాడి కీబోర్డులో ఒక్క బటన్ బాగుకాదట! అబ్రాహాము నమ్మాడు. మగవాళ్లు ఇలాంటివి తొందరగా నమ్ముతారు. నేను మాత్రం వాణ్ని గోడవారకు పిలిచాను.

"ఎన్ని దినాలురా గిట్ల? ఆమెకు ఫోన్ చెయ్యరాదు?"

వాడు నేలచూపు చూశాడు. "ఆమెది గవర్నమెంటు నౌకరి అక్కా. నాదేముంది, పెండ్లిండ్లల్ల బాక్సులు మోసుడు."

"అయితే నేను చెప్త."

"నువ్వు చెప్తే మళ్ల కీబోర్డు ముట్ట." నా చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టించుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం తినే వేళకు వాడు కామారెడ్డి బస్టాండుకు వెళ్లి, బాన్సువాడ మీదుగా మద్నూర్ పోయే బస్సు కదిలేదాకా నిలబడి వస్తాడని, ఆ దుకాణంలోనే పని చేసే వెంకటి మాకు చెప్పాడు. ఒకసారి ఎక్కాడట కూడా. బాన్సువాడలో దిగి, చాయ తాగి, తిరుగు బస్సులో వచ్చేశాడట. అది విని వాడి తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను అడగలేదు.

మా చర్చిలో పెళ్లి కుదిరితే వరుసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని పాస్టరయ్యగారు అడుగుతారు. నా వయసులో ఎవరూ లేచి చెప్పగా చూడలేదు. ఈ ఎండాకాలం ఒక ఆదివారం ఆయన గొంతు సవరించుకుని చదివారు. వధువు మేస్త్రీ దేవన్న కుమార్తె ఉమారాణి. వరుడు నస్రుల్లాబాద్‌లో సర్కారు బడి పంతులు జాన్.

పిల్లవాడు బుద్ధిమంతుడట. అదే నాకు మింగుడుపడలేదు. తాగుబోతు అయితే తిట్టుకోవడానికైనా ఉండేది.

సునీల్ తల ఎత్తలేదు, తరవాతి పాట ఎప్పటిలాగే వాయించాడు. సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి అడిగాను. "ఇంకా రెండు ప్రకటనలున్నయ్. లేసి చెప్తవా, లేకుంటే మద్నూర్ పోయి చెప్తవా?"

"చెప్త అక్కా."

రెండో ఆదివారం వచ్చింది, పోయింది. వాడు లేవలేదు. మద్నూర్ బస్సూ ఎక్కలేదు.

ఆదివారాలు డ్యూటీ అని రెండేళ్లు చర్చికి రాని ఉమారాణి మూడో ఆదివారం స్వయంగా వచ్చింది. చిక్కింది పిల్ల. నా పక్కనే చాప మీద కూర్చుంది. మొదటి పాట మొదలు కాగానే ఆమె గొంతు హాయిగా పైకి వెళ్లింది, మేమంతా ఎప్పటిలాగే సగంలో చేతులెత్తేశాం. పాట అయ్యాక ఆమె నా చెవి దగ్గరకు వంగింది.

"నేనొచ్చిన్నని శ్రుతి పెంచిండా అక్కా?"

ఒట్టు సంగతి దేవుడే చూసుకుంటాడు అనుకున్నాను. "ఇయ్యాల పెంచలేదు బిడ్డా. నువ్వు పోయిన కాన్నుంచి గదే శ్రుతి. ఒక్కనాడు కూడ దించలే. మా గొంతులు చూస్తలేవా?"

ఆమె ముఖంలో రక్తం లేకుండా పోయింది. అప్పుడే పాస్టరయ్యగారు లేచి మూడోసారి చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే, అన్నారు. చర్చి మొత్తం కీబోర్డు వైపు తిరిగింది. అబ్రాహాము కూడా కళ్లజోడు సర్దుకుని అటే చూశాడు. ఉమారాణి చూపు మాత్రం అప్పటికే అక్కడ ఉంది. నేను మనసులో "లేవరా, లేవరా" అని మొత్తుకున్నాను. వాడు పాటల పుస్తకంలో పేజీ తిప్పాడు. అయ్యగారు పుస్తకం మూశారు.

ఆరాధన అయిపోయి అందరూ బయటికి వెళ్తుంటే ఆమె నేరుగా కీబోర్డు దగ్గరకు నడిచింది. నేను చాపలు చుడుతున్నట్టు నటిస్తూ లోపలే ఉండిపోయాను.

"రెండేండ్ల సంది ఒక్క ఫోన్ ఎందుకు చెయ్యలే?"

"ప్రతి ఆదివారం నీ శ్రుతిలనే వాయించిన," అన్నాడు వాడు.

"మద్నూర్ దాకా వినిపిస్తదా సునీల్?"

రెండేళ్లు ఊరందరికీ చెప్పి, చెప్పాల్సిన ఒక్క మనిషికి చెప్పలేదని అప్పుడు గాని వాడి బుర్రకెక్కలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను ఎదురుచూసి ఎదురుచూసి ఊకున్న. ఇప్పుడన్న నోటితోటి ఒక్క మాట అను. మా బాపుకు నేను చెప్పుకుంట."

పెళ్లి గురువారం. పత్రికలు పంచారు, చీరలు కొన్నారు. అయినా ఆ పిల్ల అంత మాట అంది. నా చేతుల్లోని చాప జారిపోయింది.

సునీల్ పెదవులు కదిలాయి. "జాన్ మంచోడట," అన్నాడు.

"నేను గది అడగలే."

బయట దేవన్న ఆటోలోంచి కూతుర్ని పిలిచాడు. ఆమె కదలలేదు. ఇంకోసారి పిలిచాడు. అంతసేపు ఏ ఆడపిల్లా నిలబడదు. వాడు కీబోర్డు వైరు చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్లీ చుట్టుకుంటూ ఉండిపోయాడు. చివరికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది.

గురువారం పెళ్లికి కీబోర్డు వాయించింది వాడే. వధువు గుమ్మం నుంచి ముందుదాకా నడిచి వచ్చేవరకు వాయించాడు, దండలు మార్చుకునేటప్పుడు వాయించాడు. ఒక్క స్వరం తప్పలేదు. ఒక్కటైనా తప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.