నాయన మీద వేసిన మాట

మలేషియా ప్రయాణానికి పెట్టె సర్దుతూ నాయన ఆఖరుసారి నేసిన చీర మడత విప్పాను. పట్టు వాసన వచ్చింది. దాని వెంటే బూడిద వాసన కూడా వచ్చినట్టనిపించింది.

ధర్మవరంలో మా ఇల్లంటే మగ్గమే. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నాయన పొద్దంతా నేస్తుంటే, మిగిలిన కాస్త చోటులో మేం తినేవాళ్లం, చదువుకునేవాళ్లం. ఉగాదికి అవ్వ పూర్ణం పెట్టి చేసిన ఓళిగలు మగ్గం పక్కనే ఆరేవి. ఒక పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగుల వరస, అయిపోగానే పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేళ్లకు బూడిద రాసుకుని ఆ పని అవ్వా నేనూ చేసేవాళ్లం. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదని నాకు ఆ పని ఇష్టం.

తొమ్మిదో తరగతిలో వ్యాసం పోటీలో గెలిచాను. గెలిచినవాళ్లను సింగపూర్ తీసుకుపోతామన్నారు పోటీ పెట్టినవాళ్లు. ఖర్చంతా వాళ్లదే. పాస్‌పోర్టు కాగితాల మీద నాయన సంతకం చాలు. నేను వాటిని డైరీలో దాచేశాను. గుడ్డసంచీతో విమానం ఎట్లా ఎక్కేది, రబ్బరు చెప్పులు చూసి ఎంత నవ్వుతారో, అక్కడి తిండి ఎట్లా తినాలో తెలియకపోతే ఎవరిని అడిగేది అని ఆ వారమంతా అందులోనే రాసుకున్నాను. బడిలో సార్ అడిగితే, “మా నాయన వద్దన్నాడు సార్” అనేశాను.

సాయంత్రానికే సార్ ఇంటికొచ్చాడు. అవ్వా నేనూ పడుగు అతుకుతున్నాం.

“ఏమప్పా, బిడ్డ గెలిస్తే పంపనంటివంట? ఏ కాలంలో ఉండావు నువ్వు?”

నాయనకు ఆ సంగతే తెలియదు. నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. చేతిలో పోగు తెగింది.

“ఔను సార్, నేనే వద్దంటి. చిన్నబిడ్డ, ఆడ బెదురుకుంటాది.”

ఆ తర్వాత వీధిలో ఎవరడిగినా అదే చెప్పాడు. మొండోడన్నారు, మూర్ఖుడన్నారు. అన్నీ విన్నాను. నోరు తెరవలేదు. డైరీలోనూ రాయలేదు.

పోయిన నెల ఆఫీసులో మలేషియా వెళ్తావా అని అడిగితే, “ఇంట్లో ఒప్పుకోరు” అనే మాట నాలుక చివరికొచ్చి ఆగింది. మళ్లీ నాయన మీదేనా అనిపించింది. వెళ్తానన్నాను.

ఇప్పుడు ధర్మవరంలో మా ఇంట్లో మగ్గం లేదు. గుంట పూడ్చి బండలు పరిచారు. దాని మీద ఫ్రిజ్ పెట్టారు. అవ్వా లేదు, బూడిద చిప్పా లేదు. నిన్న ఫోన్‌లో, “ఆ పొద్దు సార్‌కు అబద్ధం చెప్పింది నేను నాయనా” అన్నాను, ఇన్నేళ్లకు.

“అదెప్పుడో అయిపోయిందిలే. కొత్త చెప్పులు కొనుక్కుంటివా పాపా? రబ్బరువి ఏసుకోని పోవద్దు.”

రబ్బరు చెప్పుల సంగతి నేను డైరీలో రాసుకున్నానే తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ డైరీ నాయన ఎప్పుడో చదివాడన్నమాట. ఆ చెప్పులు కొనిచ్చింది నాయనే.