మైండ్ అన్న మాట

గిర్మిట్ అనే ఒప్పందం మీద కూలీలు వెళ్ళే రోజుల్లో ఫిజీ వెళ్ళినప్పుడు, ద్రాసా చెరకు తోటలో కొత్త దొర నన్ను దుబాసీగా పిలిచాడు. తల్లులు చెరకు కొడుతుంటే వాళ్ళ పసిపిల్లల్ని చూసుకునే నరసమ్మను చూపించి, "డు యూ మైండ్ దీజ్ చిల్డ్రన్?" అని అడగమన్నాడు.

"ఈ పిల్లలతో నీకేమైనా ఇబ్బందా?" అన్నాను.

"లేదు బాబూ."

దొరకు "నో" అని చెప్పాను. ఆయన వెంటనే ఆమె చేతికి చెరకు కత్తి ఇచ్చి పొలం వైపు చూపించాడు.

నరసమ్మ కదల్లేదు. "నో అన్నారేంటి బాబూ? మైండంటే చూసుకోవడం. నేనటు పోతే ఈ ఏడుగురికీ దిక్కెవరు?" అంది.

నాకు తెలిసిన అర్థం అభ్యంతరం ఒక్కటే. పొరపాటు నాదేనని దొరకు చెప్పాను. ఆయన కత్తి వెనక్కి తీసుకున్నాడు.

నేను క్షమించమంటే నరసమ్మ, "మీరు పుస్తకంలో నేర్చుకున్నారు, మేం తిట్లు తింటూ నేర్చుకున్నాం" అంది.