గుమ్మిలో ప్రార్థన

రెండేళ్ల క్రితం పాలమూరు దగ్గర మా పల్లెలో జరిగింది. తలుపు వేసుకొని ఒంటరిగా ప్రార్థించాలని చర్చిలో అయ్యగారు చెప్పారు. మా ఇంట్లో ఒకే గది, అందులో ఆరుగురం. నలుగురిలో నోరు మెదపలేని నేను, ధాన్యం నిల్వచేసే నిలువెత్తు గుమ్మి ఖాళీగా ఉండటం చూసి, రోజూ ఎవరూ లేవకముందే అందులోకి దిగేదాన్ని.

ఒకరోజు కళ్లు మూసుకొని ఉండగా తలమీద జొన్నలు పడ్డాయి. రాత్రి కళ్లం దగ్గర కావలి పడుకొని వచ్చిన మా నాన్న, బాపు, చీకట్లో నన్ను చూడక బస్తా కుమ్మరిస్తున్నాడు. ప్రార్థన మధ్యలో లేవడం మర్యాద కాదని ఊరుకున్నాను. మోకాళ్లు మునిగాయి. రెండో బస్తాకు భయపడి, "బాపూ!" అని అరిచాను.

బాపు బస్తా వదిలేశాడు. "ఓ పిల్లా! గుమ్మిల ఏం జేస్తున్నవే?"

"ప్రార్థన."

"చర్చిల నోరు తెర్వవు, జొన్నలల్ల తెరుస్తవా?" అంది లేచి వచ్చిన నాయనమ్మ.

సిగ్గుతో రెండు రోజులు ప్రార్థన మానేశాను. మూడోనాడు బాపు తెల్లారకముందే అందరినీ లేపాడు. "పిల్ల ప్రార్థన జేసుకుంటది. జర అవుతల కూసుందాం పాండ్రి," అని బయటికి తీసుకెళ్లి తలుపు మూశాడు.

చలిలో నాయనమ్మ దగ్గు వినిపించింది. అంతవరకు నా ప్రార్థనలన్నీ నా గురించే. ఆ రోజు బయట కూర్చున్న అయిదుగురి పేర్లూ చెప్పి, త్వరగా ముగించి తలుపు తీశాను.