పేపర్ రాని రోజు

మా మావయ్యగారికి ఏ సంగతైనా పేపర్లో పడితేనే జరిగినట్టు. టీవీలో చెబితే అరుపు, ఫోన్లో వస్తే పుకారు, మనుషులు చెబితే ఊసుపోక కబురు. నేను కోడలిగా వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో నేను ఏ సంగతి చెప్పినా ఆయన జవాబు ఒకటే: "పేపర్లో పడిందా అమ్మాయ్?" వీధిలో డెంగీ జ్వరాలు వస్తున్నాయండీ అన్నా అదే. మలుపు దగ్గర మ్యాన్‌హోల్ మూత పోయిందండీ, చూసి నడవండి అన్నా అదే. ఆ మలుపులోనే కాలు బెణికి ఇంటికొచ్చి కూడా, మూత సంగతి పేపర్లో వచ్చేదాకా అది తన చూపు మందగించడం వల్లే అనుకున్నారు.

వన్‌టౌన్‌లో మాకు బట్టల షాపు ఉంది. ఒకప్పుడు మావయ్యగారే నడిపారు, ఇప్పుడు మా ఆయన చూసుకుంటున్నారు. ఇల్లు భవానీపురంలో. షాపు కొడుక్కి అప్పజెప్పాక మావయ్యగారికి మిగిలిన ఉద్యోగం పొద్దున్నే వరండాలో పేపర్ చదవడం. తోడుగా పక్కింటాయన వస్తారు. ఆయన కొండపల్లి వైపు థర్మల్ స్టేషన్లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ మా వరండాకి తప్పకుండా హాజరవుతారు. మావయ్యగారు ఆయన్ని ఇంజనీరు గారూ అంటారు, ఆయన ఈయన్ని షావుకారు గారూ అంటారు. ఒకరికొకరు ప్రమోషన్ ఇచ్చుకున్నారన్నమాట.

పేపర్ రాగానే ఇద్దరూ పంచుకుంటారు. మొదటి పేజీ మావయ్యగారిది, ఆటల పేజీ పక్కింటాయనది. కాసేపయ్యాక మార్చుకుంటారు. ఆ తర్వాత మొదలవుతుంది. బ్యారేజీ గేట్లు ఎప్పుడు ఎత్తాలో, మా వీధి కాలవ ఎందుకు పొంగుతోందో, ఏ బౌలర్‌కి చివరి ఓవర్ ఇచ్చి ఉండాల్సిందో ఈ ఇద్దరినీ అడిగి చేసి ఉంటే దేశం ఇలా ఉండేది కాదు. నేను కాఫీ ఇచ్చి, ఆ రాచకార్యాలకు అడ్డు రాకుండా లోపలికి వెళ్లిపోతుండేదాన్ని.

మా అమ్మాయి పదో తరగతి. వాలీబాల్ ఆడుతుంది. విశాఖలో ఆడపిల్లలకు కోచింగ్ ఇచ్చే హాస్టల్ ఒకటి ఉందనీ, సీటు వచ్చిందనీ, దసరా సెలవులు అయిపోగానే సోమవారం చేర్చాలనీ కోచ్ ఇంటికొచ్చి మరీ చెప్పాడు. అమ్మాయి ఆ రోజంతా నేల మీద నిలబడలేదు. మావయ్యగారు మాత్రం అంతా విని కళ్లజోడు తుడుచుకున్నారు.

"బంతాట కోసం ఆడపిల్లని అంత దూరం పంపిస్తామా? కోచ్ అన్నవాడు వంద చెప్తాడు. దాని ఆటలో నిజంగా అంత పసుంటే పేపర్లో పేరు పడదూ? పడనీ. అప్పుడు చూద్దాం."

మా ఆయన తండ్రి మాటకు ఎదురు చెప్పడం నేనెన్నడూ చూడలేదు. "నాన్నగారు చెప్పారుగా" అని షాపుకి వెళ్లిపోయారు. అంటే నా కూతురి భవిష్యత్తు జిల్లా పేజీలో ఎవరో రాసే నాలుగు లైన్ల మీద ఆధారపడింది. ఒళ్లు మండింది గానీ, ఒక ఆశ కూడా ఉంది. పామర్రులో టోర్నమెంట్ జరుగుతోంది, మా పిల్లల టీము ఫైనల్‌కి వచ్చింది. ఫైనల్ దసరా నాడు.

పండగ రోజు పొద్దున షాపులో గజంబద్దకీ కత్తెరకీ బొట్లు పెట్టి పూజ అయిందనిపించి, పులిహోర డబ్బాలో సర్దుకుని, అమ్మాయిని తీసుకుని బస్సెక్కాను. పండగ పూట కోడలు ఇంట్లో లేకపోవడం మావయ్యగారికి నచ్చలేదు. ఆ సంగతి ఆయన మొహం చూస్తే తెలిసింది. తెలియనట్టు వెళ్లాను.

సాయంత్రం గెలిచారు. తిరుగు బస్సులో అమ్మాయి నా భుజం మీద నిద్రపోయింది. మోచేతులు రెండూ గీరుకుపోయి ఉన్నాయి. నేను రేపటి పేపర్‌ని మనసులోనే చదువుకుంటున్నాను. పేరు ఎక్కడ పడుతుంది, ఫొటో వేస్తారా, వేస్తే రంగుల్లో వేస్తారా. ఉయ్యూరు దాటాక గుర్తొచ్చింది. దసరా నాడు పత్రికాఫీసులకు సెలవు. రేపు పేపరే రాదు. ఎల్లుండి పేపర్లో అప్పటికి పాతబడిన పల్లెటూరి ఆటను ఎవరు వేస్తారు? పిల్లని లేపి చెప్పాలనిపించలేదు.

మర్నాడు పొద్దున మావయ్యగారు అలవాటుగా గేటు దగ్గర నిలబడ్డారు. ఏటా ఇదే తంతు. పేపర్ రాదని ఆయనకూ తెలుసు, అయినా నిలబడతారు. చివరికి నిన్నటి పేపర్ తీసుకుని కూర్చున్నారు. పక్కింటాయన వచ్చారు.

"రాత్రి మ్యాచ్ గెలిచాం షావుకారు గారూ! చివరి ఓవర్ దాకా లాగారు."

"రేపు చూద్దాం లెండి."

"చూద్దామేంటండీ బాబూ, నేను కళ్లారా టీవీలో చూశాను!"

"టీవీ వాళ్లదేముందండీ" అని మావయ్యగారు నిన్నటి మార్కెట్ ధరలు మళ్లీ చదవడం మొదలుపెట్టారు. అది అయిపోయింది. పెళ్లిళ్ల ప్రకటనలు అయిపోయాయి. ఇద్దరూ వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. పండగ వెళ్లిన మర్నాడు మాట్లాడుకోవడానికి ఏమీ లేక ఇద్దరు పెద్దమనుషులు అంత నీరసంగా ఉంటారని నాకు అప్పుడే తెలిసింది.

కాఫీ కప్పులు పెట్టి వెనక్కి తిరగబోయి ఆగాను. ఏం తెగింపు వచ్చిందో, కుర్చీ లాక్కుని వాళ్ల ఎదురుగా కూర్చున్నాను. మావయ్యగారి ముందు అలా కూర్చోవడం నాకూ కొత్తే.

"నిన్న పామర్రులో మ్యాచ్ నేను చెప్తాను, వినండి" అన్నాను.

ఆయన "పేపర్లో" అని ఏదో అనబోయారు. "ఇవ్వాళ పేపర్ లేదు కదండీ, వినడానికేం?" అన్నాను. పక్కింటాయన నవ్వు దాచుకోవడానికి దగ్గారు.

చెప్పాను. ముందు రోజు వానకి గ్రౌండు ఎలా జారుతోందో చెప్పాను. పక్క రోడ్డు మీద అమ్మవారి ఊరేగింపు డప్పులకు రిఫరీ విజిల్ ఎవరికీ వినపడక, చివరికి అతను ఎర్ర తువ్వాలు ఊపుతూ ఆట ఆపాల్సి వచ్చిందని చెప్పాను. మొదటి సెట్టు మనవాళ్లు ఓడిపోయారనీ, రెండోది గెలిచారనీ, మూడో సెట్టు చివర ఇద్దరూ సమానంగా ఉన్నారనీ చెప్పాను.

"మనది కొట్టిందా?" అడిగారు మావయ్యగారు.

"మనది కొట్టదండీ. అవతలివాళ్లు కొట్టినదాన్ని కింద పడకుండా లేపుతుంది. దాని పని అదే."

"కొట్టకపోతే ఇంకేం ఆట?"

"లేపేవాళ్లు లేకపోతే కొట్టేవాళ్లకి బంతే ఉండదండీ షావుకారు గారూ" అన్నారు పక్కింటాయన. ఆయన ఒకప్పుడు ప్లాంటు టీములో ఆడారట. ఆ సంగతి అంతవరకూ మాకెవరికీ తెలియదు.

అవతలి టీములో పొడుగు పిల్ల ఒకతి వరసగా మూడు స్మాష్‌లు కొట్టింది. మొదటిది మా అమ్మాయి మోకాళ్ల మీద కూలబడి లేపింది. రెండోది పక్కకి దూకి. మూడోది సరిగ్గా గీత మీద పడబోతుంటే బురదలో బోర్లా జారుతూ వెళ్లి, అరచెయ్యి బంతి కింద పెట్టింది. బంతి పైకి లేచింది, మనవాళ్లు కొట్టారు, గెలిచారు.

"మూడోది ఎలా లేపిందీ?" అని మావయ్యగారు మళ్లీ అడిగారు. నేను లేచి, చీర కుచ్చిళ్లు పట్టుకుని, వరండా గచ్చు మీద వంగి చూపించాను. ఆ తర్వాత నా అవసరం లేకపోయింది. ఊరేగింపు వస్తుందని తెలిసి ఆ రోజు ఫైనల్ పెట్టిన వాళ్లకు బుద్ధుందా అని ఒకరు, పొడుగు పిల్లకి ఎదురుగా ఇద్దరిని నిలబెట్టాల్సిందని ఒకరు. గంటసేపు వాదించుకున్నారు. ఇంత విన్నారు కదా అని ఆశగా మావయ్యగారి వైపు చూశాను.

"సరే అమ్మాయ్. రేపు పేపర్ రానీ" అన్నారు.

నా ఉత్సాహమంతా చప్పగా చల్లారిపోయింది. ఆ రోజు కూరలో ఉప్పు వేశానో లేదో కూడా చూసుకోలేదు.

మర్నాడు పేపర్ వచ్చింది. ఆటల పేజీలో ఓ మూల, టైర్ల ప్రకటన కింద ఇరికించి వేశారు. అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నేను వంటింట్లోంచి వింటున్నాను. మావయ్యగారు పైకి చదివారు. టీము పేరు ఉంది. ముగ్గురు పిల్లల పేర్లు ఉన్నాయి. మా అమ్మాయి పేరు లేదు. ఫైనల్ ఏకపక్షంగా సాగిందని రాశారు.

మావయ్యగారు ఆ లైను మళ్లీ చదివారు.

"ఏకపక్షమా? ఏకపక్షమంటాడేంటండీ ఇంజనీరు గారూ? మొదటి సెట్టు పోయిందిగా మనకి? మూడోది సమానం దాకా వచ్చిందిగా? వీడు గ్రౌండుకే రాలేదు!"

పేపర్ మడతపెట్టి అవతల పడేశారు. నేను చేస్తున్న పని వదిలేసి గుమ్మంలోకి వచ్చాను.

"నా పేరు లేదు కదా తాతయ్యా" అంది అమ్మాయి మెల్లగా. అని లోపలికి వచ్చేయబోయింది.

"ఆగవే" అన్నారు ఆయన. "లేకపోతే ఏమైంది? మీ అమ్మ దగ్గరుండి చూసింది, నాకు చెప్పింది. ఇంకెవరు రాయాలి? సోమవారం షాపులో నేను కూర్చుంటాను, మీ నాన్నని నిన్ను దిగబెట్టి రమ్మను."

అమ్మాయి ఎగిరి నా మెడ పట్టుకుంది. ఆ ఇంట్లో నా మాట నిజమని నిలబడటం అదే మొదలు. నాకు గర్వంగా ఉంది, చాలా గర్వంగా ఉంది. ఆ మాట నెగ్గినందుకే సోమవారం నుంచి నా పిల్ల ఇంట్లో ఉండదన్నది మరుక్షణంలోనే తట్టింది. మావయ్యగారు, పక్కింటాయన చూస్తుండగానే ఏడ్చేశాను.