పాకం పట్టిన పలకలు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను పెంచి చెప్పే రకం. మా ఇంట్లో గ్లాసు జారితే నా నోట్లో అది బిందె అవుతుంది, వీధి చివరికి వెళ్లేసరికి వాటర్ ట్యాంకే కూలిపోయి ఉంటుంది. కాబట్టి ఇందులో ప్రతిదీ సగానికి తగ్గించుకుని చదువుకోండి.

మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారుల వీధి. ఇల్లు తాతగారి నాటిది. కింద గచ్చు, పైన ఒక గది, దానికి టేకు పలకల నేల. వానాకాలం చెమ్మ తగిలితే బెల్లం నీరుగారిపోతుందని తాతగారు దిమ్మలన్నీ ఆ పై గదిలో పేర్పించేవారట. ఊరంతా ఏడాది పొడుగునా పరమాన్నం వండుకున్నా తరగనంత బెల్లం ఆ పలకలు తాగేశాయి. వ్యాపారం మార్కెట్ యార్డుకి మారిపోయాక అన్నయ్య అందులో కాపురం పెట్టాడు. నేను పెళ్లి జోలికి పోలేదు, కింద వాటా నాది.

నేల నల్లగా నిగనిగలాడేది. చినుకు పడిందంటే మాత్రం అరికాలికి అంటుకునేది. పైన అన్నయ్య అటూ ఇటూ నడుస్తుంటే కింద నాకు టిచ్, టిచ్ అని, ఎవరో గోడకున్న సినిమా పోస్టర్లు పీకుతున్నట్టు వినిపించేది.

నిరుడు అన్నయ్య పోయాడు. నేను ఏడవలేదు. రాలేదు, అంతే. పెళ్లి భోజనాలు చూసుకున్నట్టే దినకార్యాలు చూసుకున్నాను. పన్ను పీకే ముందు చిగురుకి మొద్దుబారేలా సూది వేస్తారు చూడండి, ఆ మందు ఒళ్లంతా పాకినట్టు ఉండేది. దిగుతుందనుకున్నాను. దిగలేదు.

వదిన పై గది వదిలేసి కింద హాల్లో చాప వేసుకుంది. ఈ ఏడు మబ్బు పట్టగానే నన్ను పిలిచింది.

"బాబూ, పైకెళ్తే ఆ నేల నా కాలట్టుకుంటంది. ఆయనే పట్టుకున్నట్టుంటంది. నాకు బయమేత్తంది. బాగుసేయిత్తే పైనే ఉంటాను. లేదంటే పాయకరావుపేట మా సెల్లి కాడికెళ్లిపోతాను."

"సరే వదినా," అన్నాను. ఆవిడ వెళ్లిపోతే ఈ ఇంట్లో నేనూ గోడలూ మిగులుతాం. అది తెలుస్తూనే ఉంది. కానీ ఎక్కడా గుచ్చుకోలేదు.

చిన్నప్పటి నుంచీ ఎరిగిన వడ్రంగి మేస్త్రి పలకలు అరగదీసే మిషన్ పట్టుకొచ్చాడు. దాని మోతకి స్టేషన్లో ఆగిన రైలు తనని పిలిచారనుకుని బయల్దేరిపోయింది. కాసేపటికి మోత ఆగింది. వేడికి పలకల్లోని బెల్లం కరిగి, గరుకు ఎమ్రీ పేపరుకి పట్టుకుని, మిషన్ని ఉన్నచోటే అతికించేసింది.

"ఇది నేల కాదు బావా, పల్లీలేయని పప్పుచెక్క!" అన్నాడు మేస్త్రి, మిషన్ని రెండు చేతులా లాగుతూ. "పీకేసి స్లాబేయించుకో."

"ఇంకా పెద్ద మిషన్ తెస్తే?"

"లారీ తెచ్చినా టైర్లంటుకుంటాయి."

కిందకి వచ్చి చూస్తే వదిన సంచిలో చీరలు సర్దుకుంటోంది. అయ్యో అనిపించాలి కదా, అనిపిస్తుందేమో అని నిలబడి చూశాను. సంచి జిప్పు పాడైందన్న సంగతి మాత్రం గమనించాను.

"ఏటంటన్నాడు?" అంది.

"బెల్లం వదలదంటున్నాడు."

వదిన సంచి అక్కడే వదిలేసి మెట్లెక్కింది. "ఏటయ్యా మేస్త్రీ, బెల్లం కరగాలంటే ఏన్నీళ్లు కావాలి గానీ మిషనెందుకు?"

"సెక్క ఉబ్బిపోద్దమ్మా!"

"ఎండకి మళ్లీ అదే తగ్గుద్ది. ముందు గుడ్డలు తే."

ఆవిడ వేడినీళ్ల గుడ్డలు పరిచింది, మేస్త్రి సణుగుతూనే గీకాడు. పాకం పలకల సందుల్లోంచి కింద పేపరు చదువుకుంటున్న నా బట్టతల మీద పడింది. ఆ వాసనకి చీమలు మునగపాక నుంచి ఆటోలు మాట్లాడుకుని వచ్చాయి. వీధిలో వాళ్లు గిన్నెలు పట్టుకుని ఏం వండుతున్నారని అడిగారు.

పలకలు ఆరాక మిషన్ ఈసారి బుద్ధిగా నడిచింది. ఉబ్బిన చోట్ల మేస్త్రి చిత్రిక పట్టాడు, వార్నీషు వేశాడు. నల్లబెల్లం పోయి కొత్తబెల్లం రంగు తేలింది.

ఓ వాన రోజు వదిన ఒట్టి కాళ్లతో గదిలో నడిచింది. చప్పుడు లేదు. మధ్యలో ఆగిపోయింది.

"పట్టుకోట్లేదు," అంది. మడమతో పలక తట్టి చూసి, "మీ అన్నయ్య సప్పుడు కూడా పోయింది. నేనిక్కడున్నా, పేటెళ్లిపోయినా, నీకేటీ అనిపించదా బాబూ?"

ఆ మాటకి నా కళ్లలో శారదా నది పొంగింది. గుమ్మంలో ఉన్న మేస్త్రి "బావా, వార్నీషు మీద నీళ్లు!" అని గావుకేక పెట్టాడు. అది చూసి కరిగిపోయి వదిన ప్రయాణం మానుకుంది. ఊళ్లో అడిగినవాళ్లందరికీ ఇలాగే చెప్పాను.

మిషన్ అతుక్కున్నది నిజం. పాకం కారిందీ నిజమే, చీమలు వచ్చిందీ నిజమే, ఆటోలు మాత్రం నేను మాట్లాడాను. మొత్తంగా కల్పించింది ఆ నదినీ, దాన్ని చూసి మేస్త్రి పెట్టిన కేకనీ. నా కళ్లు పొడిగా ఉన్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "మంచం ఏ గోడకి వేయమంటావు వదినా?" అన్నాను.

వదిన నా మొహంకేసి చూసింది. తర్వాత కిటికీ పక్క గోడ చూపించింది.